ఇప్పగుంపుకు ఇచ్చిన బండి

జస్టిన్ తన మామగారి రాజ్‌దూత్ బండిలోంచి ఇంజను ఊడదీసి, పాత ఇనుప సామాన్లు కొనేవాడి ఆటో ఎక్కించింది ఒక బుధవారం పొద్దున. ఆ రోజు అతని హుషారు చూసినవాళ్ళు ఇంట్లో ఏదో శుభకార్యం ఉందనుకుని ఉంటారు. ఆటోవాడు ఇంజను తూకం వేసి చేతిలో పెట్టిన డబ్బుతో మైసూర్‌పాక్ కూడా కొనుక్కొచ్చాడు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆ సంగతికే అతనికి ఎక్కువ ఒళ్ళు మండేది. మనిషి తప్పు చేస్తున్నప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమనాలి కదా! ఏమీ అనలేదు. ఇంటికి పోయి రెండు ముక్కలు ఎక్కువే తిన్నాడు.

పినపాకలో బస్సు దిగి ఎవరినడిగినా మోటార్ల జస్టిన్ కొట్టు చూపిస్తారు. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లన్నీ అతని చేతికే వస్తాయి. రాగితీగ చుట్టడంలో అంతటివాడు మణుగూరులో కూడా లేడంటారు. ఇలా ఊరందరి దగ్గరా పేరుంది. ఒక్క మామ దగ్గరే లేదు, అతనికి కావలసింది మాత్రం అక్కడే.

మామ అంతోనయ్య ఉపదేశి. ఫాదర్ నెలకోసారి కూడా పోలేని అడవి గుంపులకు, ఆ చిన్న చిన్న కోయపల్లెలకు, ముప్పై ఏళ్ళు ఆ రాజ్‌దూత్ మీదే తిరిగాడు. ప్రార్థన చెప్పించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, జ్వరమొస్తే బిళ్ళలివ్వడం, ఎవరైనా పోతే మట్టి చేయించడం, అన్నీ ఆయనే. జస్టిన్ వాళ్ళది వేరే క్రైస్తవ సంఘం. ఆయన కూతురు లిదియా అతన్నే చేసుకుంటానని పట్టుబట్టినప్పుడు, అంతోనయ్య గుడి ముందు పదిమందిలో, "చేతిల పెట్టింది చెడగొట్టేటోని లెక్కున్నడు, వీనికి పిల్లనిస్తనా?" అన్నాడు. చివరికి ఇచ్చాడు. ఇచ్చాక పదహారేళ్ళలో ఒక్క పరుషమైన మాట అనలేదు గానీ, అల్లుణ్ణి "మీరు" అనడం మానలేదు. వినేవాళ్ళకు అది మర్యాదగా ఉండేది. జస్టిన్‌కు మాత్రం కుర్చీ వేసి గడప బయటే కూర్చోబెట్టినట్టు ఉండేది.

అలాంటి మామ మోకాలి ఆపరేషన్ కోసం ఖమ్మంలోని కొడుకు షాలేమ్‌రాజు ఇంటికి బయల్దేరుతూ, జస్టిన్ కొట్టు ముందు ఆటో ఆపించాడు. ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

"బండి ఇంటెనక పడి ఉన్నది. నేనొచ్చేవరకు నడిచేటట్టు చేసి పెడ్తరా?" అని అడిగాడు.

"గదెంత పని మామా!" అన్నాడు జస్టిన్.

బండి ఎందుకు నడవాలో మామ చెప్పలేదు. జస్టిన్ అడగలేదు. ఇంకెందుకుంటుంది, మోకాలు బాగయ్యాక మళ్ళీ అడవిలో తిరగడానికే అనుకున్నాడు. అనుకోవడం వరకు తప్పు లేదు, ఎవరైనా అదే అనుకుంటారు. కానీ జస్టిన్ అంతటితో ఆగలేదు. మామ ఒక మెట్టు దిగి అడిగితే తను పది మెట్లు ఎక్కి చూపించాలనుకున్నాడు. కొత్తగా కోసి కుట్టిన మోకాలితో ఆయన కిక్కు ఎలా కొడతాడు? కిక్కే లేని బండి చేసిపెడితే? పెట్రోలు లేదు, ఆయిలు కలపడం లేదు, మోటారు మీద నడిచే బండి. ఇక మోటారంటారా, అది తన చేతిలో పని. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూశాడో లేదో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"ఓసారి ఫోన్ చేసి నాన్నని అడుగరాదు?" అంది లిదియా.

"అడిగితె వద్దంటడు. చేసి చూపిస్తె ముక్కు మీద వేలేసుకుంటడు."

"నాన్న నడిచేటట్టు చెయ్యమన్నడు, గంతే. ఇంజను పీకమన్లేదు కద."

"ఇంజను పీకితెనే మీ నాన్న నడుపుడు ఐతది. నువ్వు ఫోన్ల నోరు జారకు, అన్ని చెడగొడ్తవ్!"

మొగుడు అన్నం తింటూ కూడా కంచం అంచున వేలితో చక్రాలు గీసుకుంటుంటే, ఆ సంతోషాన్ని చెడగొట్టడానికి లిదియాకు చేతులు రాలేదు. ఒక్క ఫోన్ చేసి ఉంటే పోయేదని ఆమె కూడా తర్వాత ఏడ్చింది. కానీ ఆమె తప్పు ఇందులో వీసమెత్తే.

ఆరు వారాలు జస్టిన్ కొట్టు సగం మూతపడ్డట్టే. మోటార్లు తెచ్చిన రైతులు "మా నారు ఎండుతున్నదయ్యా" అని మొత్తుకున్నా రేపు రా, ఎల్లుండి రా అని తిప్పాడు. వెనక చక్రంలో ఇమిడే మోటారు తెప్పించాడు, దాని చుట్టు నచ్చక మొత్తం విప్పి మళ్ళీ తన చేత్తో చుట్టాడు. చక్రానికి కొత్త పుల్లలు కట్టాడు. ఇంజను ఉండే చోట ఇనుప పెట్టె అతికించి అందులో బ్యాటరీలు పేర్చాడు. పెట్రోలు ట్యాంకును మాత్రం కోయలేదు, అది మామ ముప్పై ఏళ్ళు తొడల మధ్య పెట్టుకుని తిరిగిన ట్యాంకు. దాని మూత తీస్తే పెట్రోలు పోసే చోట చార్జింగ్ ప్లగ్గు ఉండేలా అమర్చాడు. దానికి మురిసిపోయి మూత పదిసార్లు తీసి పదిసార్లు పెట్టాడు. గోదారి ఒడ్డు దాకా నాలుగు తిరుగుళ్ళు తిరిగి, ఒక్క చార్జింగుకు అరవై కిలోమీటర్లు వస్తుందని తేల్చుకున్నాడు. ఆఫీసు అనుమతులూ కాగితాలూ తర్వాత చూసుకోవచ్చు, మామ తిరిగేది అడవి దారులే కదా అనుకున్నాడు.

ఏప్రిల్ మొదట్లో అంతోనయ్య చేతికర్రతో ఇంటి ముందు ఆటో దిగాడు. అప్పటికే వాడకట్టు జనం చేరారు. జస్టినే పిలిచి ఉంటాడు. నల్లరంగు తళతళలాడుతూ బండి నిలబడి ఉంటే, దాన్ని చూసి ముసలాయన ముఖం విప్పారింది. కర్ర టకటకలాడిస్తూ దగ్గరికి వచ్చాడు. వంగి, ఇంజను ఉండాల్సిన చోట పెట్టె మీద చెయ్యి పెట్టాడు.

"ఇంజనేది?"

"తీసేసిన మామా. ఇగ మీకు కిక్కు కొట్టే పని లేదు, పెట్రోలు పోసే పని లేదు. ప్లగ్గు పెడితె చాలు."

"తీసింది ఏడ పెట్టిన్రు?"

"పాత ఇనుముకు ఏసిన. గది ఇంకెందుకు?"

అంతోనయ్య పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేదు. "మరి కరెంటు లేని కాడ?" అన్నాడు మెల్లగా.

జస్టిన్ పకపకా నవ్వాడు. "కరెంటు లేని ఊరు ఏడుంది మామా ఈ రోజుల్ల!"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. అంతోనయ్య నవ్వలేదు. అల్లుడి ముఖంలోకి కాసేపు చూశాడు. ఆరు వారాలకే చిక్కిపోయిన ముఖం, చేతుల నిండా తీగ గీతలు. ఆ తర్వాత అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "మంచిగ చేసినవ్ కొడుకా" అన్నాడు.

పదహారేళ్ళకు వచ్చిన "నువ్వు" అది. జస్టిన్ ఇంటి వెనక్కి పోయి కుళాయి తిప్పి, అందరూ వెళ్ళిపోయేదాకా ముఖం కడుక్కుంటూనే ఉన్నాడు.

ఆ ఆదివారం ఇప్పగుంపు నుంచి ఇద్దరు వచ్చారు. ఇప్పగుంపు పినపాక నుంచి పద్నాలుగు కిలోమీటర్లు అడవి లోపల. ఎప్పుడో రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చిన కోయవాళ్ళు పాతిక ఇళ్ళు వేసుకుని ఉంటారు. వచ్చినవాళ్ళు ఇడుమయ్య, అతని అక్క ముత్తక్క. ఇడుమయ్య చేతిలో రెండు లీటర్ల సీసా నిండా పెట్రోలు ఉంది. వాళ్ళను చూడగానే అంతోనయ్య కర్ర కూడా మరిచిపోయి ఎదురెళ్ళి, దడి బయటే నిలబెట్టి కోయలో మాట్లాడాడు. జస్టిన్‌కు కోయ రాదు. దూరం నుంచి అతనికి కనపడిందల్లా ఇడుమయ్య బండి వైపు చెయ్యి చూపించడం, గొంతు పెంచడం, ముత్తక్క అతని చెయ్యి పట్టి లాగడం. మామ తల దించుకునే ఉన్నాడు. కాసేపటికి ఇద్దరూ పెట్రోలు సీసాతోనే వెనక్కి వెళ్ళిపోయారు.

"ఎందుకొచ్చిన్రు మామా?"

"ఊకెనే, పలకరించనీకి."

"పెట్రోలు సీసా ఎందుకు పట్టుకొచ్చిన్రు?"

"ఎవరికో తీస్కపోతున్నరట" అని అంతోనయ్య లోపలికి పోయి పడుకున్నాడు. జస్టిన్‌కు అనుమానం రాలేదు. ఆ రోజుల్లో అతను ఎంత పొంగిపోయి ఉన్నాడంటే, ఇల్లు కూలుతున్నా అది తన బండిని చూడ్డానికే వంగిందనుకునేవాడు.

ఆ ఏడాది వాళ్ళిద్దరికీ బాగా జరిగింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. అంతోనయ్య రోజూ బండి మీద కొట్టుకు వచ్చేవాడు. అల్లుడి పక్కన స్టూలు మీద కూర్చుని తీగ చుట్టలు అందించేవాడు. "నా అల్లుడు చేసిండు" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. గుడికి పోయేవాడు, దగ్గర గుంపులన్నిటికీ పోయేవాడు. ఇప్పగుంపుకు మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. జస్టిన్ ఊరుకునే రకమా? "పోయి రారాదు మామా?" అంటే మోకాలు నొప్పన్నాడు ఒకసారి, వాగు పొంగిందన్నాడు ఇంకోసారి. ఆయనకు దారిలో చార్జింగ్ అయిపోతుందని భయమేమో అనుకున్నాడు జస్టిన్. దసరా సెలవుల్లో కూర్చుని వెనక క్యారేజీకి ఇంకో బ్యాటరీ పెట్టె బిగించాడు.

"గిది ఇప్పగుంపు కోసమే మామా. పోయి నాలుగుసార్లు తిరిగొచ్చినా చార్జింగు ఒడ్వదు" అన్నాడు.

ముసలాయన ఆ పెట్టెను తడిమి తడిమి చూశాడు. నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అల్లుడి మంచితనానికి అనుకున్నాడు జస్టిన్, ఆ నవ్వుకు కూడా పొంగిపోయాడు.

మార్చిలో అంతోనయ్య పోయాడు. పొద్దున టీ తాగి గ్లాసు కింద పెడుతూ అలాగే ఒరిగిపోయాడు. మట్టికి అడవంతా దిగి వచ్చింది. ఏ గుంపుకు ఆ గుంపు డోళ్ళతో వచ్చి ఏడ్చారు. ఇప్పగుంపు నుంచి ఒక్కరు రాలేదు.

"వాళ్ల ఇండ్లల్ల ఎంతమందిని మట్టి చేసిండు నాన్న!" అంది లిదియా ఏడో రోజు. "కబురు అందలేదేమో. నువ్వే పోయి నలభయ్యో రోజు పూజకు పిలిచి రా."

జస్టిన్ ఆ బండి మీదే వెళ్ళాడు. రెండు వాగులు దాటాక రోడ్డు కాలిబాట అయింది. కాలిబాట చివర గుంపు. బండి ఆపి, అలవాటుగా తలెత్తి చూశాడు. కరెంటు పనివాడు ఏ ఊరికి పోయినా ముందు స్తంభం కోసమే చూస్తాడు. అక్కడ స్తంభం లేదు. తీగ లేదు. రిజర్వు అడవిలో వేయరు. ఒక గుడిసె మీద పుస్తకమంత సోలార్ పలక, దానికి వేలాడుతూ రెండు ఫోన్లు. "కరెంటు లేని ఊరు ఏడుంది మామా" అని తన నోటితోనే తను అన్న మాట జస్టిన్‌కు చెవిలో వినపడింది.

ఇడుమయ్య గుడిసె బయటికి వచ్చాడు గానీ కూర్చోమనలేదు.

"ఏం పనికొచ్చినవ్?"

"మామ చనిపోయిండు. నలభయ్యో రోజుకు మీరంత రావాలె."

"చనిపోయిండని ఎరుకే. మేం రాం."

"ఎందుకు రారు?"

ఇడుమయ్య బండిని చూపించాడు. "గిది మాది. రెండు వానకాలాల కింద మా అక్క కోడలికి నొప్పులొస్తె మంచం మీద మోసుకపోయినం. మీ మామ ఎంట నడిచిండు. రెండో వాగు కాడ పోయింది, కడుపుల పిల్లతోని. గక్కడనే, ఆ పోయినామె మీద చెయ్యి పెట్టి, ‘వచ్చే వానలకు నా బండి మీ గుంపుల ఉంటది’ అన్నడు. నాకు నడుపుడు నేర్పిండు. ఇంజన్ల ప్లగ్గు తుడుసుడు నేర్పిండు. ఖమ్మం నుంచి రాంగనే తీస్కపోమన్నడు. పెట్రోలు పట్టుకొని పోతె ఏమన్నడో ఎరుకేనా? ‘బండి మంచిగైంది, ఇప్పుడు నాకే కావాలె, ఇయ్య’ అన్నడు."

"మామ అట్ల అన్నడా?"

"అన్నడు. పోయిన వానల్ల ఇద్దర్ని మోసినం. ఒకామె బతికింది."

జస్టిన్ నేల మీద కూర్చుండిపోయాడు. అంతా అతనికి ఒక్కసారే తెలిసింది. చార్జింగు పెట్టే దిక్కు లేని గుంపులో ఈ బండి ఉండీ ప్రయోజనం లేదు, అందుకే మామ ఇవ్వలేదు. మామ నిజం చెప్పి ఉంటే ఒక్క ముక్కలో పోయేది, అల్లుడు ఇంజను అమ్మేసిండు అని. కానీ ఆ ముక్క గుంపు గుంపుకూ పాకేది, చేతిల పెట్టింది చెడగొట్టిండని జనం అనేవాళ్ళు. పెళ్ళికి ముందు మామ తనే పదిమందిలో అన్న మాటను మళ్ళీ పదిమందీ అనకూడదని, ముప్పై ఏళ్ళ తన పేరు తీసి ఆయన అల్లుడి తప్పు మీద కప్పాడు.

జస్టిన్ చెప్పాడు. ఇంజను సంగతి, అడగకుండా చేసిన సంగతి, మామ "కరెంటు లేని కాడ?" అంటే తను నవ్విన సంగతి, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. అప్పటికి పదిమంది చేరారు. ఇడుమయ్య వాళ్ళకు కోయలో చెప్పాడు. ముత్తక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఒక్క మాట మామను అడుగకపోతివి?" అంది ఆమె తెలుగులో.

"సంతోషపెడదామనుకున్న అక్కా."

వాళ్ళు చాలాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. ఒక ముసలాయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి ఇడుమయ్య జస్టిన్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే. మాకు సిగ్గైతున్నది, ఏడాది పొడుగూత ఆయన్ని దొంగమాటలోడన్నం. కాని మా గుంపుల ఒక కట్టుబాటుంది. మాటిచ్చి తప్పినోని ఇంట్ల నీళ్లు ముట్టం. వాడే వచ్చి గుంపు నడుమ నిలబడి ఎందుకు తప్పిండో చెప్పాలె. అప్పుడు ఆ కట్టు తీసేస్తం."

"నేను నిలబడ్త. తప్పు నాది."

"మాటిచ్చింది నువ్వు కాదు కద. ఇచ్చినోడే రావాలె. ఇగ ఆయన రాడు."

మర్నాడే జస్టిన్ తన కొట్టు బండిని, పెట్రోలు పోసి నడిపే మామూలు బండిని, తీసుకుపోయి వాళ్ళకు ఇచ్చి వచ్చాడు. ఇడుమయ్య బెట్టు చేయలేదు. రెండు నెలల్లో వానలు మొదలవుతాయి, బండి అవసరం. "బండి తీస్కుంటం. మాట సంగతి వేరు" అన్నాడు, తాళం పుచ్చుకున్నాడు. ఇంతే పని. ఏడాది కింద ఎవరు అడిగినా జస్టిన్ ఇవ్వగలిగిన బండే అది.

లిదియాకు చెప్పినప్పుడు ఆమె అరవలేదు. "గందుకేనా నాన్న ఫాదర్ దగ్గరికి రెండుసార్లు పోయి పాత బండి ఏదన్న ఉందా అని అడిగింది?" అంది. తర్వాత, "ఒక్క ఫోన్ కద స్తుతి నాయినా" అంది. స్తుతి వాళ్ళ కూతురు. ఆ తర్వాత మూడు రోజులు లిదియా అతనితో మాట్లాడలేదు.

నలభయ్యో రోజుకు ఇప్పగుంపు వాళ్ళు పదకొండు మంది వచ్చారు. ఆ రోజు తల అడ్డంగా ఊపిన ముసలాయన్ని ఇడుమయ్య బండి మీద ఎక్కించుకుని వచ్చాడు, మిగతావాళ్ళు తెల్లారక ముందే బయల్దేరి నడిచి వచ్చారు. సమాధి మీద పడి ఏడ్చారు. అంతోనయ్య నేర్పిన పాట కోయలో పాడారు. పూజ అయ్యాక ఇంటి దడి దాకా వచ్చి, దడి బయట వరసగా నిలబడ్డారు. లోపల విస్తళ్ళు వేసి ఉన్నాయి. ఎవరూ అడుగు లోపల పెట్టలేదు.

మే నెల ఎండ మాడ్చేస్తోంది. లిదియా చెంబు నిండా నీళ్ళు పట్టుకుని వెళ్ళి ముత్తక్క ముందు నిలబడింది. ముత్తక్క పెదవులు పగిలి ఉన్నాయి. ఆమె రెండు చేతులతో లిదియా చేతుల్నీ చెంబునీ కలిపి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నీళ్ళు కొంచెం ఒలికి ఆమె మణికట్టు మీదుగా కారాయి. తాగకుండా వదిలేసింది.

"తాగు అక్కా, మా నాన్న తప్పు లేదు" అంది లిదియా.

"ఎరుకే బిడ్డా" అంది ముత్తక్క.

వాళ్ళు తిరిగి నడక మొదలుపెట్టారు. జస్టిన్ దడి పట్టుకుని, అడవి అంచు దాటేదాకా చూస్తూ నిలబడ్డాడు. పద్నాలుగు కిలోమీటర్లు, మిట్టమధ్యాహ్నం. దారిలో నీళ్ళు దొరికేది ఆ రెండు వాగుల్లోనే. ఆ రెండూ ఎండిపోయి నెలయిందని అతనికి తెలుసు.